ఎంత గొట్టానికి అంత వేగమా?

"ఎంత చెట్టుకు అంత గాలి" అని మన సామెత. సామెత లోకజ్ఞానాన్ని చెబుతుంది గాని లెక్క చెప్పదు. చెట్టు రెండింతలయితే గాలి రెండింతలవుతుందా, ఒకటిన్నర రెట్లే అవుతుందా అని ఎవరూ అడగరు. అడిగినవాణ్ణి అరసికుడంటారు. కాని అదే "ఎంత – అంత" వాక్యాన్ని శాస్త్రవాక్యమని ఎత్తి చూపి, దాని మీద జాతి గౌరవాన్ని నిలబెట్టబూనినప్పుడు ఆ ప్రశ్న అడగక తప్పదు. భాషాపండితులమైన మనం అడగడం మరీ అవసరం. ఎందుకంటే అటువంటి వాక్యాలను పాతగ్రంథాలనుండి తవ్వి తెచ్చి సభలలో వినిపించేది చాలవరకు మనమే.

నేనెత్తుకున్న విషయం పండితగోష్ఠులకు కొంచెం దూరమైనది. పెద్ద రంధ్రం గల రైఫిళ్లలో గొట్టం పొడవుకూ, గుండు బయటపడే వేగానికీ గల సంబంధం. ఆయుధాల మీద మక్కువ కొద్దీ వ్రాస్తున్నది కాదు. "ఎక్కువవుతుంది" అన్న మాటకూ, "ఇంత ఎక్కువవుతుంది" అన్న మాటకూ మధ్యనున్న అగాధాన్ని చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందుగా పరిభాష. తూటా అంటే మందు, గుండు కలిసిన మొత్తం వస్తువు. గుండు అంటే అందులోనుండి ఎగిరిపోయే ముక్క మాత్రమే. గొట్టం మూతి దాటే క్షణాన గుండుకు ఉన్న వేగాన్ని ఇక్కడ నిర్గమవేగం అంటాను. రంధ్రపు అడ్డుకొలతను లెక్కల పుస్తకాలు వ్యాసం అంటాయి. ఈ వ్యాసంలో వ్యాసమన్న మాటకు రెండర్థాలున్నవని చదువరులు గ్రహింతురు గాక.

"క్యాలిబర్" అన్న మాట తెలుగు పత్రికలలో చేసే అల్లరి కూడ ఇక్కడే చెప్పాలి. "ఫిఫ్టీ క్యాలిబర్ రైఫిల్" అంటే రంధ్రవ్యాసం సుమారు అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు. "52 క్యాలిబర్ ఫిరంగి" అంటే గొట్టం పొడవు రంధ్రవ్యాసానికి 52 రెట్లు. 155 మిల్లీమీటర్ల ఫిరంగిలో అది ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఒకచోట వ్యాసం, మరొకచోట పొడవు. రెంటినీ ఒకే మాటతో అనువదించి, అర అంగుళపు రైఫిల్ 52 క్యాలిబర్ ఫిరంగికి సాటి అని పాఠకుడు భ్రమించేటట్లు వ్రాస్తే, ఆ తప్పు భాషది కాదు, వ్రాసినవారిది.

* * *

ఇక మూలవాక్యానికి వద్దాం. శుక్రనీతిలో నాలికాయంత్రం అన్న పేర తుపాకి వర్ణన ఉన్నదని చాలమందికి తెలుసు. 1880లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యుడు గుస్తావ్ ఆపర్ట్ దీనిని ఆధారంగా చేసికొని, ప్రాచీన భారతీయులకు తుపాకులు, తుపాకిమందు తెలుసునని ఒక గ్రంథమే వ్రాసినాడు. అప్పటినుండి ఆ భాగం మన ఉపన్యాసాలలో ఊరేగుతూనే ఉన్నది. అందులో ఒక భావం ఇది: గొట్టపు మందం ఎంతయితే, రంధ్రం ఎంత పెద్దదయితే, పొడవు ఎంతయితే, గుండు ఎంత పెద్దదయితే, అది అంతంత దూరం భేదిస్తుంది.

సంస్కృతంలో యథా–తథా. తెలుగులో ఎంత–అంత. వ్యాకరణం దృష్టిలో నిర్దుష్టమైన వాక్యం. శాస్త్రం దృష్టిలో ఇది సగం వాక్యమే. పొడవు పెరిగితే దూరం పెరుగుతుందన్నది దిక్కును మాత్రమే చూపుతుంది. ఎంత పెరిగితే ఎంత పెరుగుతుంది? ఎక్కడిదాకా పెరుగుతుంది? ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందా? ఈ మూడు ప్రశ్నలకూ అందులో సమాధానం లేదు. అనులోమానుపాతమని మన లెక్కల మాస్టర్లు చెప్పే సంబంధం ఈ వాక్యంలో ఉన్నదని వినేవాడు అనుకుంటాడు. నిజానికి ఆ సంబంధం తుపాకిలో లేదు.

ఎందుకు లేదో చూద్దాం.

తూటాలోని మందు అంటుకొనగానే వాయువుగా మారుతుంది. మూసిన చోట పుట్టిన ఆ వాయువు గుండును వెనుకనుండి తోస్తుంది. గుండు కొద్దిగా కదిలేసరికే ఒత్తిడి పతాకస్థాయికి చేరుతుంది. అక్కడినుండి గుండు ముందుకు జరిగిన కొద్దీ వాయువు నిండవలసిన చోటు పెరుగుతూ పోతుంది, ఒత్తిడి పడిపోతూ ఉంటుంది. బావినుండి నీరు తోడే మోటు మొదటి బానలోనూ చివరి బానలోనూ ఒకే బలంతో లాగవచ్చును గాని, తుపాకిమందు అట్లా లాగదు. మొదటి జానెడులో తోసిన తోపు చివరి జానెడులో ఉండదు.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. గొట్టం పొడవునా ఒత్తిడి తగ్గకుండా ఒకే తీరున ఉన్నదనుకొందాం. అప్పుడు పొడవు రెట్టింపయితే గుండుకు అందిన శక్తి రెట్టింపవుతుంది. కాని శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. కాబట్టి వేగం రెట్టింపు కాదు, రెండుకు వర్గమూలమంత, అనగా 1.41 రెట్లు మాత్రమే అవుతుంది. ఇది ఊహలోని ఉత్తమస్థితి. వాస్తవంలో ఒత్తిడి పడిపోతుంది గనుక 1.41 కూడ రాదు. పైగా గొట్టపు గోడలతో రాపిడి ఒకటి ఉన్నది. వాయువు తోపు ఆ రాపిడికి సమానమయిన చోట గుండు వేగం పెరగడం ఆగిపోతుంది. ఆ పైన గొట్టం పొడిగిస్తే వేగం తగ్గుతుంది.

ఇది కేవలం తర్కం కాదు, కొలిచి చూచిన సత్యం. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు ఫిరంగివిద్యకు కొత్త సూత్రాలు చెబుతూ ఒక గ్రంథం ప్రకటించినాడు. వ్రేలాడదీసిన ఒక బరువైన కొయ్యదిమ్మె మీదికి గుండు కాల్చి, ఆ దిమ్మె ఎంత ఊగినదో చూచి, గుండు వేగాన్ని లెక్కగట్టే లోలకాన్ని ఆయన ప్రయోగించినాడు. అంతకుముందు వేగం ఒక ఊహ. ఆ తరువాత అది ఒక అంకె. మహాగణితజ్ఞుడు ఆయిలర్ ఆ పుస్తకాన్ని 1745లో జర్మన్ భాషలోనికి తెచ్చి, దానిమీద విపులంగా వ్యాఖ్య వ్రాసినాడు. ఆయిలర్ అంతటివాడు తుపాకి పుస్తకానికి వ్యాఖ్యాత కావడం, మన మల్లినాథుని సంప్రదాయం తెలిసినవారికి ముచ్చట గొలిపే విషయమే.

రాబిన్స్ తరువాత నలభై ఏండ్లకు, ఊల్విచ్ సైనిక విద్యాలయంలో గణితాచార్యుడయిన చార్లెస్ హట్టన్ ఇదే ప్రశ్నను నేరుగా ఎత్తుకొన్నాడు. ఒకే రంధ్రవ్యాసం గల, పొడవులు వేరువేరయిన నాలుగు చిన్న ఫిరంగులను తీసికొని కాల్చి చూచినాడు. ఆయన తేల్చిన మాట ఏమంటే, పొడవు పెరిగిన కొద్దీ వేగం పెరుగుతున్నది గాని, పొడవు వర్గమూలంకంటె తక్కువగాను, ఘనమూలంకంటె ఎక్కువగాను, రెంటికీ నడుమ పెరుగుతున్నది. అంటే గొట్టాన్ని రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, సుమారు మూడోవంతు పెరుగుతుంది. ఇక గుండు పోయే దూరమో, గాలి అడ్డు వలన ఇంకా తక్కువగా, సుమారు పొడవు పంచమమూలం చొప్పున పెరుగుతున్నదని కనుగొన్నాడు. గొట్టం రెట్టింపయితే దూరం ఏడోవంతు పెరుగుతుంది.

ఈ ఏడోవంతును చదువరులు ఒక్క క్షణం మనసులో ఉంచుకోవాలి. యథా–తథా వాక్యానికీ, శాస్త్రానికీ మధ్య ఉన్న దూరమంతా ఆ ఏడోవంతులో ఉన్నది.

* * *

హట్టన్ నాటి నల్లమందు ఫిరంగులను విడిచి, నేటి పెద్ద రైఫిళ్ల దగ్గరకు వస్తే ఈ విషయం ఇంకా విస్పష్టంగా కనబడుతుంది.

అర అంగుళపు తూటాను బ్రౌనింగ్ అనే అమెరికా శిల్పి మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజులలో తన మెషీన్‌గన్ కోసం రూపొందించినాడు. ఆ వంశంలోని ఎమ్2 మెషీన్‌గన్ గొట్టం 45 అంగుళాలు. అదే తూటాను కాల్చే బారెట్ రైఫిల్ 1980లలో వచ్చింది. దాని గొట్టం 29 అంగుళాలు. గొట్టం మూడోవంతుకు పైగా తగ్గింది. వేగం ఎంత తగ్గింది? సాధారణపు గుండుతో మొదటిదానిలో నిర్గమవేగం సెకనుకు సుమారు 890 మీటర్లు, రెండోదానిలో సుమారు 850. అనగా నూటికి నాలుగయిదు పాళ్లు. శక్తిలో చూచుకొన్నా నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లకు మించదు. పదహారు అంగుళాల ఉక్కును కోసి పారవేస్తే పోయినది ఇంతే. వచ్చిన లాభమో, ఒక మనిషి మోయగలిగిన తుపాకి.

హట్టన్ లెక్క ప్రకారం ఇంకా ఎక్కువ తగ్గవలసింది గదా అని ఎవరయినా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. హట్టన్ గొట్టాలలో గుండుకూ గోడకూ నడుమ సందు ఉండేది. ఒత్తిడి తక్కువ. ఆయన మందు, ఆయన లోహం, ఆయన కొలతలు వేరు. నేటి తూటాలో ఒత్తిడి పతాకస్థాయి చాల హెచ్చు, అది మొదటి కొద్ది అంగుళాలలోనే వచ్చిపోతుంది. గొట్టంలో మూడింట రెండువంతులు దాటేసరికి పని చాలవరకు ముగిసిపోతుంది. మిగిలిన భాగం ఇచ్చేది కొసరు మాత్రమే. కాబట్టి "పొడవుకు ఇంత వేగం" అన్న ఒకే నియమం అన్ని తుపాకులకూ వర్తించదు. మందు ఎంత, అది ఎంత నెమ్మదిగా మండుతుంది, గుండు బరువెంత, రంధ్రం ఎంత అన్నవన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

రెండు కొసలూ చూడండి. .22 అనే చిన్న తూటాలో చిటికెడు మందు మాత్రమే ఉంటుంది. దానికి 16 అంగుళాల గొట్టం దాదాపు చాలు, ఆ పైన పొడిగిస్తే వేగం నిలకడగా ఉంటుంది, లేదా తగ్గుతుంది. అదే అర అంగుళపు తూటాలో నెమ్మదిగా మండే మందు దండిగా ఉంటుంది గనుక 29 అంగుళాల తరువాత కూడ కొంత పెరుగుదల మిగిలి ఉంటుంది. పెద్ద తూటాకు పొడవయిన గొట్టం అవసరమన్న మాట ఈ మేరకు నిజం. ఆ నిజాన్ని నేను కాదనడం లేదు.

రంధ్రం పెద్దదయితే వేగం పెరుగుతుందన్న భ్రమ కూడ ఒకటున్నది. దక్షిణాఫ్రికావారి ఎన్‌టిడబ్ల్యు-20 అనే భారీ రైఫిల్‌ను రెండు రకాల గొట్టాలతో చేసినారు. 14.5 మిల్లీమీటర్ల గొట్టంలోనుండి గుండు సెకనుకు సుమారు 1080 మీటర్ల వేగంతో బయటపడుతుంది. 20 మిల్లీమీటర్ల గొట్టంలోనుండి సుమారు 720 మీటర్లతోనే. రంధ్రం పెద్దది, వేగం చిన్నది. బరువైన గుండు, దానికి తగినంత లేని మందు, దానికి తోడు పొట్టి గొట్టం. మన తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారంలో తయారయిన విధ్వంసక్ కూడ గొట్టాలు మార్చుకొనే ఈ తరహా రైఫిలే.

ఫిరంగులలోనూ ఇదే కథ. 39 క్యాలిబర్ల 155 మిల్లీమీటర్ల ఫిరంగిలో నిర్గమవేగం సెకనుకు సుమారు 827 మీటర్లు, 52 క్యాలిబర్లదానిలో సుమారు 945. పొడవు మూడోవంతు పెరిగితే వేగం ఏడోవంతు పెరిగింది. ఆ ఏడోవంతు కూడ పొడవు ఒక్కటే ఇచ్చింది కాదు. మందు పెట్టే గదిని కూడ 18 లీటర్ల పైచిలుకు నుండి 23 లీటర్లకు పెంచినారు. పత్రికలలో "గొట్టం పొడిగించి దూరం పెంచినారు" అన్న వార్త చదివినప్పుడు ఈ గది సంగతి ఎవరూ వ్రాయరు. కనబడేది గొట్టం గనుక కీర్తి గొట్టానికి పోతుంది.

* * *

పొడవు మీద ఈ మోజు ఎక్కడినుండి వచ్చింది? దీనికి న్యాయమైన కారణాలు ఉన్నవి. మొదటి ఆంగ్ల–ఆఫ్ఘన్ యుద్ధంలో (1839–42) ఆఫ్ఘనుల పొడుగాటి జజాయిల్ తుపాకులు ఆంగ్లేయుల మస్కెట్లకు అందని దూరంనుండి కాల్చగలిగినవి. చూచినవారు పొడవు మహిమ అనుకొన్నారు. కాని వాటిలో గుండు గొట్టానికి బిగువుగా సరిపోయేది, కొన్నింటికి లోపల మెలిగాళ్లు ఉండేవి, కాల్చేవాడు కొండమీద కొమ్ముకాసి, ఆనుకొని, తీరికగా గురిచూసేవాడు. పొడవైన గొట్టం మీద గురిచూసే రెండు గుర్తుల మధ్య దూరం ఎక్కువ గనుక గురి కుదురుగా ఉండేది. ఇవన్నీ కలిస్తే వచ్చిన ఫలితాన్ని ఒక్క పొడవుకే అంటగట్టడం, పెండ్లికి వచ్చిన కట్నాలన్నీ మేళగాని ఖాతాలో వేయడం వంటిది.

దీనికి ప్రతిగా ఒక భారతీయ ఉదాహరణ ఉన్నది. పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్లసైన్యపు లాంగ్ లాండ్ మస్కెట్ గొట్టం 46 అంగుళాలు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చవకలో 39 అంగుళాల గొట్టంతో మస్కెట్ చేయించుకొన్నది. 1790లలో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి తుపాకులు చాలకపోతే, ఆంగ్ల ప్రభుత్వం ఆ కంపెనీ తుపాకులనే కొని, ఆ నమూనానే తమ సైన్యానికి స్థిరపరచినది. దాని పేరే ఇండియా పాటర్న్. నెపోలియన్‌తో యుద్ధాలు చాలవరకు ఏడంగుళాలు పొట్టిదైన ఆ గొట్టంతోనే చేసినారు.

ఇక్కడ శుక్రనీతిని మళ్లీ తెరవాలి. అందులో చిన్న నాలిక పొడవు అయిదు వితస్తులని ఉన్నది. వితస్తి అంటే జేన, తొమ్మిది అంగుళాలు. అయిదు జేనలు 45 అంగుళాలు. ఎమ్2 గొట్టం కూడ 45 అంగుళాలే! ఈ సామ్యాన్ని ఏ ఉపన్యాసకుడూ ఇంతవరకు నా చెవిని వేయలేదు గాని, ఒకనాడు ఎవరో వేస్తారని నా భయం. మన మహర్షులు చెప్పిన పొడవునే అమెరికావారు దొంగిలించినారన్న వాక్యం ఎంత తీయగా ఉంటుందో ఊహించగలను.

ఆ తీపికి ముందు ఆ వర్ణనను సాంతం చదవాలి. అయిదు జేనల గొట్టం, నడిమివ్రేలు పట్టేంత రంధ్రం, మొదట నిప్పు ముట్టించే బెజ్జం, మొదలులోనూ కొసలోనూ గురికి తిలబిందువులు, పట్టుకొనడానికి కొయ్యదిమ్మె, మందు దట్టించడానికి శలాక. మందులో పెటులుప్పు అయిదు పాళ్లు, గంధకం, బొగ్గు ఒక్కొక్క పాలు. ఇది ఏ వస్తువు? 46 అంగుళాల గొట్టం, ముప్పాతిక అంగుళం రంధ్రం గల ఆ మస్కెట్‌ను ఎదుట పెట్టుకొని చూస్తే, ఇది దాని తోబుట్టువని పసిపిల్లవాడు కూడ చెప్పగలడు. అర అంగుళపు మెషీన్‌గన్‌తో సామ్యం కాకతాళీయం. నోటినుండి మందు కూరే మస్కెట్‌తో సామ్యం సర్వాంగీణం. కవి తన కాలపు తుపాకిని చూచి వర్ణించినాడు. వర్ణన చక్కగా ఉన్నది. కాలమే మనం చెప్పుకొనేది కాదు.

ఈ అనుమానం నాది కాదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ హిందూ రసాయనశాస్త్ర చరిత్ర వ్రాస్తూ, శుక్రనీతిలోని ఈ భాగాలు ప్రాచీనం కావని అభిప్రాయపడినాడు. 1962లో లల్లన్‌జీ గోపాల్ అనే చరిత్రకారుడు ఆ గ్రంథమే పందొమ్మిదో శతాబ్దానిదని వాదిస్తూ వ్యాసం ప్రకటించినాడు. రాయ్ దేశభక్తిని శంకించగలవాడు ఎవడు? దేశభక్తి కలవాడు గనుకనే ఆయన అబద్ధపు నగను తల్లి మెడలో వేయడానికి ఒప్పుకోలేదు.

మన భాష కూడ ఒక సాక్ష్యం చెబుతున్నది. తుపాకి తురుష్కభాషనుండి వచ్చిన మాట. ఫిరంగి అన్నది ఫ్రాంకులనే ఐరోపావారి పేరు. వస్తువును ఎవరు తెచ్చినారో మాటలోనే దాచుకొన్నాము. 1520లో రాయచూరు ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షాన క్రిస్టోవావ్ డి ఫిగెరెడో అనే పోర్చుగీసువాడు తన తుపాకివారితో నిలిచి, కోటగోడల మీదివారిని గురిచూసి కొట్టినాడని చరిత్ర చెబుతున్నది. అంతటి చక్రవర్తి పరాయివాని నేర్పును వాడుకోవడానికి సిగ్గుపడలేదు. ఎరువుమాట ఒక్కటే రుజువు కాదని భాషాశాస్త్రం తెలిసినవారు అంటారు, నిజమే. కాని ఇతర సాక్ష్యాలతో కలిసినప్పుడు దాని బలం తక్కువ కాదు.

* * *

పొడవు మోజుకు పరాకాష్ఠ మనదేశంలో కాదు, జర్మనీలో కనబడుతుంది. 1918 మార్చి 23నుండి ఆగస్టు 9వరకు ప్యారిస్ నగరం మీద సుమారు 120 కిలోమీటర్ల దూరంనుండి ఒక ఫిరంగి గుండ్లు కురిపించింది. నౌకాదళపు 38 సెంటీమీటర్ల ఫిరంగిలో 21 సెంటీమీటర్ల లోగొట్టం దూర్చి, ముందుకు సాగదీసి, మొత్తం సుమారు 34 మీటర్లు చేసినారు. రంధ్రవ్యాసానికి నూట అరవై రెట్లు! తన బరువుకు తానే క్రిందికి వంగిపోతుంటే వంతెనకు కట్టినట్లు పైనుండి బిగింపులు కట్టవలసి వచ్చింది. నిర్గమవేగం సెకనుకు 1600 మీటర్లు దాటింది. నూరు కిలోల పైచిలుకు గుండుకు, గుండు బరువును మించిన మందు. ఒక్కొక్క దెబ్బకు గొట్టం లోపల ఎంత అరిగిపోయేదంటే, గుండ్లకు వరుస సంఖ్యలు వేసి, ఒకదానికంటె ఒకటి కొంచెం లావుగా చేయవలసి వచ్చింది. అరవై దెబ్బల ప్రాంతంలో గొట్టాన్ని విప్పి పంపి మళ్లీ తొలిపించవలసిందే.

ఇంత శ్రమకు ఫలం? 1918 మార్చి 29, గుడ్‌ఫ్రైడే నాడు, సాన్ జెర్వే చర్చిలో ప్రార్థన చేస్తున్నవారి మీద ఒక గుండు పడి, కప్పు కూలి, ఎనభై మందికి పైగా మరణించినారు. మొత్తం మీద ఆ ఫిరంగి సుమారు రెండువందల యాభై మందిని పొట్టనబెట్టుకొన్నది. యుద్ధగతి వెంట్రుకవాసి కూడ మారలేదు. గొట్టం పొడిగించడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆ శిల్పులు అద్భుతంగా సమాధానం చెప్పినారు. ఎందుకు పొడిగించాలన్న ప్రశ్నను ఎవరూ వేయలేదు. "ఎంత" అని అడగని పండితుడు ఒక రకం ప్రమాదం. "ఎందుకు" అని అడగని శిల్పి అంతకంటె పెద్ద ప్రమాదం.

ఆంగ్ల నౌకాదళం మాత్రం అంతకుముందే ఒక వివేకం చూపింది. 12 అంగుళాల ఫిరంగి గొట్టాన్ని 45నుండి 50 క్యాలిబర్లకు పొడిగించి వేగం పెంచితే, గురి చెదిరింది, గొట్టం త్వరగా అరిగింది. అప్పుడు వారు వేగం తగ్గించి, రంధ్రం పెంచి, బరువైన గుండు గల 13.5 అంగుళాల ఫిరంగికి మారినారు. ఒక దారిలో లాభం సన్నగిల్లినప్పుడు ఆ దారిలోనే మరింత దూరం పరుగెత్తక, దారి మార్చడం. అది అంకెలు కొలిచి చూచుకొన్నవాడికే సాధ్యం.

* * *

ఇంతకూ నా వాదమేమి? ప్రాచీనులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సరిగ్గా తద్విరుద్ధం.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు జ్యాఖండాల పట్టిక ఇచ్చినాడు. కోణాన్ని సమానమైన 24 మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టుకు అర్ధజ్య ఎంత పెరుగుతుందో అంకెలలో చెప్పినాడు. మొదటి మెట్టుకు పెరుగుదల 225. తరువాత 224, 222, 219... అట్లా సన్నగిల్లుతూ చివరి మెట్టుకు 7. మెట్లు సమానం, పెరుగుదల అసమానం. కోణం పెరిగితే జ్య పెరుగుతుందని ఆయన యథా–తథా చెప్పి ఊరుకోలేదు. ఏ మెట్టులో ఎంత అన్నది చెప్పినాడు. తుపాకిగొట్టంలో మొదటి జేనకూ చివరి జేనకూ గల తేడా వేరే సూత్రాన్ని అనుసరిస్తుంది, నిజమే. కాని "సమానమైన అడుగులు సమానమైన ఫలాన్ని ఇవ్వవు" అన్న మూలవివేకం ఒక్కటే. ఆ వివేకం మన గడ్డ మీద పదిహేనువందల ఏండ్ల క్రిందటే అంకెల రూపంలో ఉన్నది. అర్వాచీనమైన ఒక తుపాకి వర్ణనను ప్రాచీనమని చెప్పుకొని గర్వపడవలసిన దుర్గతి మనకు ఏమి పట్టింది?

మన బడులలో తెలుగు, సంస్కృతం చెప్పే అయ్యవార్లకూ, అమ్మగార్లకూ నా మనవి ఇది. పాతగ్రంథంనుండి శాస్త్రవాక్యాన్ని పిల్లలకు వినిపించినప్పుడు మూడు ప్రశ్నలు కూడ వినిపించండి. ఈ గ్రంథం ఎప్పటిది? ఇది ఎంత అని చెప్పిందా, లేక పెరుగుతుందని మాత్రమే చెప్పిందా? చెప్పినది కొలిస్తే నిలుస్తుందా? ఈ మూడింటికీ నిలిచిన వాక్యం మన సొత్తు. దానికి ఎంత గర్వపడినా తప్పు లేదు. నిలవనిదానిని కవిత్వంగా చదువుకొందాం. కవిత్వానికి కొలబద్ద వేరు.

ఈ ప్రశ్నలు వేస్తే పిల్లలకు భక్తి పోతుందని కొందరు మిత్రులు అంటారు. నా అనుభవం అట్లా చెప్పదు. పాఠంలో అడ్డుప్రశ్న వేసిన పిల్లవాడే ఆ పద్యాన్ని పదేండ్ల తరువాత కూడ గుర్తుంచుకొంటాడు. తల ఊపినవాడు పరీక్ష అయిన మరునాడే మరచిపోతాడు. పైగా మనం గర్వంగా చెప్పిన అబద్ధం ఒకనాడు బయటపడితే, ఆ పిల్లవాడు ఆ అబద్ధాన్ని మాత్రమే విడిచిపెట్టడు. దానితోపాటు ఆర్యభటుణ్ణి, భాస్కరుణ్ణి కూడ అనుమానిస్తాడు. మనం పోగొట్టుకొనేది అదీ.

ఎంత చెట్టుకు అంత గాలి. సామెతగా అది నూటికి నూరుపాళ్లు నిజం. ఎంత గొట్టానికి అంత వేగం మాత్రం కాదు. మొదటి జేనకు ఎక్కువ, చివరి జేనకు తక్కువ, ఒక హద్దు దాటితే సున్న.

విజ్ఞులు తమ అభిప్రాయాలు తెలుపగలరు. విరుద్ధాభిప్రాయాలకు మరింత స్వాగతం, అంకెలతో వస్తే.

స్వస్తి.